కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఇంట్లోనే బీపీని అదుపులో పెట్టుకోవడం ఎలా?

మా నాయనకు కిడ్నీ దెబ్బతింటోందని తెలిసిన రోజు బీపీ 174/96 ఉంది. ఆయన నమ్మలేదు. "నాకు తలనొప్పన్నా లేదు గదరా, బీపీ ఎక్కడిది?" అన్నాడు. కందుకూరు దగ్గర మా ఊళ్లో చాలామంది ఇలాగే అనుకుంటారు. బీపీ ఉంటే తల తిరగాలి, మెడ నరాలు లాగాలి, లేకపోతే బీపీ లేనట్టే అని. నిజానికి ఎక్కువమందికి ఏమీ తెలియదు. ఒంట్లో ఎలా ఉందన్నదాన్ని బట్టి కాదు, మిషన్ చూపించే అంకెను బట్టి నడుచుకోవాలి. మాకు ఇది అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలు ఉంటాయి. బీపీ ఎక్కువైతే ఆ ఒత్తిడికి జల్లెడలు పాడవుతాయి. పాడైన కిడ్నీ ఉప్పును, నీటిని బయటికి పంపలేదు, పైగా రక్తనాళాలను బిగించే హార్మోన్లను ఎక్కువ చేస్తుంది. దాంతో బీపీ ఇంకా పెరుగుతుంది. ఒకదాన్నొకటి చెడగొట్టుకునే ఈ చక్రాన్ని ఆపడానికి మన చేతిలో ఉన్న గట్టి సాధనం బీపీని తగ్గించడమే. పోయిన జల్లెడలు తిరిగి రావు, మిగిలిన వాటిని మాత్రం ఏళ్ల తరబడి కాపాడుకోవచ్చు.

ముందు సరిగ్గా కొలవడం నేర్చుకోండి

మోచేతి పైభాగానికి పట్టీ చుట్టే డిజిటల్ మిషన్ కొనండి. మణికట్టుకు పెట్టేవి వద్దు. పట్టీ మీ చేతికి సరిపోవాలి. లావు చేతికి చిన్న పట్టీ బిగిస్తే లేని బీపీ కూడా చూపిస్తుంది. కొన్న తర్వాత ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్లి, అక్కడి మిషన్‌తో పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి.

కొలిచే పద్ధతిలో మేం చేసిన తప్పులు ఇన్నీ అన్నీ కావు. నాయన పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చోగానే పట్టీ చుట్టేవాళ్లం. ఆయన ఒక పక్క పొగాకు వేలంలో ఆ రోజు పలికిన రేటు చెబుతుంటే ఇంకో పక్క మిషన్ గుయ్‌మంటూ గాలి పట్టేది. 168 చూపిస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్. అదే మనిషిని కదలకుండా, మాట్లాడకుండా కూర్చోబెట్టి కొలిస్తే 150 వచ్చింది.

ఇలా చేయండి. టీ, కాఫీ తాగిన అరగంట దాకా కొలవకండి. బీడీ, చుట్ట కాల్చినా అంతే. ముందు మూత్రానికి వెళ్లి రండి. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో కూర్చుని, రెండు పాదాలూ నేల మీద ఆనించండి. కాలు మీద కాలు వేసుకోవద్దు. చేతిని బల్ల మీదో, దిండు మీదో గుండె ఎత్తుకు వచ్చేట్టు పెట్టండి. చొక్కా చెయ్యి బిగుతుగా పైకి మడవడం కంటే ఆ పక్క చొక్కా తీసేయడం మేలు. బట్ట మీద పట్టీ చుట్టకూడదు. పట్టీ అంచు మోచేతి మడతకు రెండు వేళ్లంత పైన ఉండాలి. అలా 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఫోన్ వద్దు, టీవీ వద్దు, మాటలు వద్దు. ఒకసారి కొలిచి, నిమిషం ఆగి మళ్లీ కొలవండి. రెండు అంకెలూ రాసుకోండి.

డయాలసిస్ కోసం ఫిస్టులా (సూదులు గుచ్చడానికి వీలుగా రెండు రక్తనాళాలను కలిపి చేసే దారి) వేసిన చేతికి ఎప్పుడూ పట్టీ చుట్టకూడదు. ఆసుపత్రిలో ఎవరైనా తొందరలో ఆ చెయ్యి పట్టుకున్నా, "ఈ చెయ్యి కాదమ్మా" అని మీరే చెప్పాలి. ఇంకా ఫిస్టులా దాకా రాకపోయినా, జబ్బు ముదురుతోందని డాక్టర్ చెప్పి ఉంటే, మీరు తక్కువగా వాడే చేతి నరాలను సూదులకు ఇవ్వకుండా దాచుకోండి. ఇది మాకు ఎవరూ ముందుగా చెప్పలేదు.

ఏడు రోజుల పుస్తకం

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు, ఉదయం బిళ్ల వేసుకోకముందు రెండుసార్లు, రాత్రి అన్నానికి ముందు రెండుసార్లు కొలవండి. తేదీ, సమయం, పై అంకె, కింది అంకె, ఆ రోజు బిళ్ల వేసుకున్నారా లేదా, అంతే రాయండి. మొదటి రోజు అంకెలు వదిలేయండి, కొత్తలో భయానికి ఎక్కువే వస్తాయి. మిగిలిన ఆరు రోజులకూ మొత్తం 24 కొలతలు ఉంటాయి. పై అంకెలన్నీ కూడి 24తో భాగిస్తే వచ్చేదే మీ అసలు బీపీ. కింది అంకెలకూ ఇలాగే చేయండి.

ఒక రోజు 158 వచ్చిందని కంగారు పడొద్దు, ఒక రోజు 122 వచ్చిందని మురిసిపోవద్దు. సగటే చూడండి.

ఎంత ఉండాలి? కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు చాలామంది డాక్టర్లు 130/80 లోపు ఉండాలంటారు. పద్ధతిగా కొలిచినప్పుడు పై అంకె 120 లోపు ఉంటే గుండెకు ఇంకా మేలని కిడ్నీ వైద్యుల అంతర్జాతీయ మార్గదర్శకాలు 2021లో చెప్పాయి. కానీ పెద్ద వయసు వాళ్లు, లేచి నిలబడగానే కళ్లు తిరిగేవాళ్లు అంత కిందికి దిగితే పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే "మా నాయనకు ఎంత ఉండాలి?" అని సూటిగా అడిగి, ఆ అంకెను నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి. మా దాంట్లో 130/80 అని ఎర్ర పెన్నుతో ఉంటుంది. కళ్లు తిరుగుతున్నాయంటే కూర్చుని ఒకసారి, నిలబడి ఒక నిమిషం తర్వాత ఒకసారి కొలిచి రెండూ డాక్టర్‌కు చూపించండి.

ఉప్పు: అసలు పని ఇక్కడే

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని పెద్దలు అన్నారు. కిడ్నీ జబ్బులో ఇది అక్షరాలా జరుగుతుంది. తిన్న ఉప్పు బయటికి పోదు, దాహం వేస్తుంది, తాగిన నీరు ఒంట్లోనే నిలుస్తుంది, పాదాలు ఉబ్బుతాయి, బీపీ లేస్తుంది. వేసుకున్న బిళ్లల బలాన్ని కూడా ఉప్పు తగ్గించేస్తుంది. రెండు రకాల బిళ్లలు వాడుతున్నా బీపీ దిగట్లేదంటే నేను ముందు వంటింటి వైపే చూస్తాను.

మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలు. అంటే గుండుగా కాకుండా సమంగా తీసిన ఒక టీ స్పూను, అన్నీ కలిపి. మీ ఇంట్లో ఎంత వాడుతున్నారో తెలుసుకోవడానికి ఒక తేలికైన లెక్క చెబుతాను. కొత్త కేజీ ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో, మనిషికి 5 గ్రాముల చొప్పున, అది 50 రోజులు రావాలి. మా ఇంట్లో 23 రోజులకే అయిపోయింది. మనిషికి దాదాపు 11 గ్రాములు! అందులో ఆవకాయ, ఎండు చేపలు లేవు. అమ్మ ఆ ఖాళీ ప్యాకెట్ పట్టుకుని చాలాసేపు అట్లాగే నిలబడిపోయింది.

మన వైపు ఉప్పు దాక్కునే చోట్లు వేరు. బయట ఊళ్ల వాళ్లకు ఇచ్చే చీటీలో చిప్స్, పిజ్జా అని ఉంటాయి. మన దగ్గర చూడాల్సింది ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, నెత్తళ్లు, ఎండు రొయ్యలు, మజ్జిగలో వేసే ఉప్పు, ఉప్పేసి వార్చే అన్నం, హోటల్ చట్నీ. కారప్పొడిలోనూ ఉప్పు దండిగా ఉంటుంది, ఇడ్లీలో రెండు చెంచాలు అద్దుకుంటే ఆ పూట వాటా అయిపోయినట్టే. సింగరాయకొండ దగ్గర బింగినపల్లి, అల్లూరు దగ్గర ఇస్కపల్లి ఉప్పు మడుల పక్కన పుట్టి పెరిగిన నాలుకలు మనవి. ఒక్కసారిగా చప్పిడి తిండి పెడితే పెద్దవాళ్లు రెండో రోజే కంచం నెట్టేస్తారు. మా నాయన నెట్టేశాడు.

మాకు పనిచేసింది ఇది. అన్నంలో ఉప్పు పూర్తిగా మానేశాం. దాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. మజ్జిగలో ఉప్పు బదులు కరివేపాకు, అల్లం, కొంచెం నిమ్మరసం. పొదలకూరు నిమ్మకాయలు చవగ్గా దొరికే మన వైపు దీనికి లోటేముంది? కూరల్లో ప్రతి వారం కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోయాం. ఆరు వారాలకు నాలుక అలవాటు పడింది. ఇప్పుడు పెళ్లి భోజనం నాయనకే ఉప్పు కషాయంలా అనిపిస్తోంది. చివరికి చేసిన మంచి పని చిన్న డబ్బా. నాయన వాటా కింద పొద్దున్నే అర టీ స్పూను ఉప్పు ఆ డబ్బాలో వేస్తాం. ఆయన కూర, పప్పు ఉప్పు లేకుండా ముందే తీసి, ఈ డబ్బాలోంచే వేస్తాం. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు ఇక లేదు. మిగతా సగం వాటా పాలు, ఇడ్లీ, బయటి తిండి రూపంలో ఎలాగూ లోపలికి పోతుంది.

చేపల పులుసు మానక్కర్లేదు. తాజా చేపతో, పులుపు, మెంతులు, వెల్లుల్లి ముందుంచి, ఉప్పు సగానికి తగ్గించి చేయండి. ముక్కలెన్ని తినాలన్నది మాత్రం డాక్టర్‌నో, డైటీషియన్‌నో అడగండి, మాంసకృత్తుల లెక్క ఒకటి ఉంటుంది కాబట్టి. ఎండు చేపల్ని ఎన్నిసార్లు కడిగినా లోపల పట్టిన ఉప్పు పూర్తిగా పోదు. వాటిని మాత్రం వదిలేయాల్సిందే.

ప్యాకెట్ మీద సోడియం అని మిల్లీగ్రాముల్లో రాసి ఉంటే దాన్ని రెండున్నరతో హెచ్చించండి, అదే ఉప్పు లెక్క. 100 గ్రాముల బిస్కెట్లలో సోడియం 400 అని ఉంటే ఒక గ్రాము ఉప్పన్నమాట. రాళ్ల ఉప్పు, సైంధవ లవణం మంచివని ఎవరైనా చెబితే నమ్మకండి, వాటిలోనూ ఉండేది అదే సోడియం. వంట సోడా, నీళ్లలో వేస్తే బుసబుసమని పొంగే గ్యాస్ పొడులు కూడా సోడియమే.

ఒక్క విషయం మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. "సోడియం తక్కువ ఉప్పు" అని అమ్మే ప్యాకెట్లలో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. మామూలు బీపీ వాళ్లకు అది మంచిదే కావచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, ముఖ్యంగా టెల్మిసార్టాన్ లాంటి బీపీ బిళ్లలు వాడేవాళ్లకు, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. డాక్టర్‌ను అడగకుండా ఇంట్లోకి రానివ్వకండి. కొబ్బరి నీళ్లు, అరటిపండు, బత్తాయి రసం కూడా పొటాషియం ఎక్కువ ఉన్నవే. మీ రిపోర్టులో పొటాషియం ఎంతుందో చూపించి, అవి తినొచ్చో లేదో అడగండి.

కొన్ని రకాల కిడ్నీ జబ్బుల్లో ఉప్పు నిలవకపోగా మూత్రంలో ఎక్కువగా పోతుంది. అలాంటివాళ్లకు బీపీ తక్కువగానే ఉంటుంది, ఉప్పు తగ్గిస్తే నష్టం. అందుకే ఉప్పు కోత మొదలుపెట్టేముందు ఒక్కసారి డాక్టర్‌తో చెప్పి చేయండి.

బిళ్లలు

మేం చేసిన పెద్ద తప్పు ఇక్కడే. రెండు నెలలు వాడాక బీపీ 128కి వచ్చింది. తగ్గిపోయింది కదా అని ఆపేశాం. పది రోజుల తర్వాత చూస్తే 168. బీపీ తగ్గింది బిళ్ల వల్ల, బిళ్ల ఆపితే మళ్లీ లేస్తుంది. బాగుందంటే బిళ్ల పనిచేస్తోందని అర్థం.

మూత్రంలో ప్రోటీన్ పోతున్నవాళ్లకు టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటివి ముందు రాస్తారు. ఇవి బీపీతో పాటు జల్లెడల లోపలి ఒత్తిడినీ తగ్గిస్తాయి. వీటిని మొదలుపెట్టినా, మోతాదు పెంచినా, రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష), పొటాషియం పరీక్ష తప్పకుండా చేయించాలి. క్రియాటినిన్ కొంచెం పెరగడం మామూలే. 30 శాతం దాకా పెరిగినా డాక్టర్లు సాధారణంగా బిళ్ల ఆపరు. ఉదాహరణకు 1.6 ఉన్నది 1.9 అయితే భయపడి మీరే మానేయకండి. 2.1 దాటితే వెంటనే చెప్పండి. రామిప్రిల్‌తో కొందరికి పొడి దగ్గు వస్తుంది, దానికి బదులు వేరేది ఉంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ రెండూ కలిపి వాడకూడదు. ఇద్దరు డాక్టర్ల చీటీలు వేర్వేరుగా వాడే ఇళ్లలో ఈ పొరపాటు జరుగుతుంది. గర్భం దాల్చాలనుకునే ఆడవాళ్లు ఈ మందుల సంగతి ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

ఆమ్లోడిపిన్ అనే బీపీ బిళ్లతో పాదాలు వాయొచ్చు. అది కిడ్నీ నీరో, మందు వాపో డాక్టర్ చూసి చెబుతారు. ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్ లాంటి నీరు తీసే బిళ్లలు పొద్దున వేసుకోమంటారు, రాత్రి వేసుకుంటే నిద్ర ఉండదు. షుగర్ లేకపోయినా డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ బిళ్ల రాశారంటే అది పొరపాటు కాదు, కిడ్నీని కాపాడడానికే. కిడ్నీ రోగికి మూడు, నాలుగు రకాల బీపీ బిళ్లలు పడటం మామూలు విషయం. దాన్ని చూసి దిగులు పడొద్దు.

డబ్బుకు ఇబ్బంది అయితే మధ్యలో మానేయడం కంటే పీహెచ్‌సీలో అడగండి, బీపీ బిళ్లలు ఉచితంగా ఇస్తారు. జన ఔషధి దుకాణాల్లో ఇవే మందులు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి.

మోకాళ్ల నొప్పి బిళ్లలు

1937లో మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు దెబ్బతినే జబ్బు) మొదటిసారి గుర్తించి రాసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి వైపు కీళ్లు బిగుసుకుపోయిన మనుషులు ఈనాటికీ ఉన్నారు. నొప్పి నిజమే, ఎవరూ కాదనరు. కానీ ఆ నొప్పికి ఏళ్ల తరబడి మింగే డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, బీపీని పెంచుతాయి, బీపీ బిళ్లల్ని పని చేయనివ్వవు. మా నాయన పొగాకు ఆరబెట్టే బ్యారన్ పని రోజుల్లో ఒళ్లు నొప్పులకని వారానికి మూడు సూదులు వేయించుకునేవాడు. వేసిన ఆయన తెలిసినవాడే, మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. ఇప్పుడు మా ఇంట్లో నియమం ఒకటే. ఎవరి దగ్గర ఏ మందు తీసుకున్నా ముందు "నాకు కిడ్నీ జబ్బు ఉంది" అని చెప్పాలి. నొప్పికి పారాసిటమాల్ కొంత నయం, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే. వేడి కాపడం, నొప్పి ఉన్న చోట బరువులు మోయకపోవడం కూడా మందే. కిడ్నీకి మంచిదని ఎవరో ఇచ్చే పేరు లేని భస్మాలు, కషాయాలు ముట్టుకోకండి.

వాంతులు, విరేచనాలు, మే నెల ఎండ

బిళ్లలు ఎప్పుడూ మానొద్దని ఇంతగా చెప్పానే, దీనికి ఒక మినహాయింపు ఉంది. వాంతులో, విరేచనాలో పట్టుకుని ఒంట్లో నీరు పోతున్నప్పుడు టెల్మిసార్టాన్ రకం బిళ్లలు, నీరు తీసే బిళ్లలు, డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటే కిడ్నీ ఒక్క రోజులో దెబ్బతినొచ్చు. ఆ రోజు ఏవి ఆపాలి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి అన్నది బాగున్నప్పుడే డాక్టర్‌తో రాయించుకుని బీరువా తలుపుకు అంటించుకోండి. మే నెలలో మన ఎండలకు చెమట పోయి బీపీ బాగా పడిపోతుంది. నిలబడితే తూలుతున్నారంటే కొలవండి, 100కి దిగితే ఫోన్ చేయండి. నీళ్లు ఎంత తాగాలన్నది అందరికీ ఒకటి కాదు. వాపులున్నవాళ్లకు, డయాలసిస్ వాళ్లకు లెక్క ఉంటుంది. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక బరువు చూసుకోండి. రెండు మూడు రోజుల్లో 2 కేజీలు పెరిగితే అది కండ కాదు, నీరు.

పై అంకె 180 గానీ, కింది అంకె 120 గానీ దాటిందా? ముందు 5 నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ కొలవండి. గుండెలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడడం, ఒక పక్క చెయ్యీ కాలూ లాగేయడం, వీటిలో ఏదున్నా 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేకపోతే ఆ రోజు బిళ్ల మరిచిపోయారేమో చూసి, డాక్టర్‌కు ఆ రోజే చెప్పండి. నాలుక కింద బిళ్ల పెట్టి బీపీని ఒక్కసారిగా దించే పాత పద్ధతి వద్దు. అలా దిగితే మెదడుకూ గుండెకూ రక్తం అందదు.

చుట్ట, బీడీ, గుట్కా మానడం, రోజుకు అరగంట నడవడం మీకు తెలిసినవే, వాటి గురించి సాగదీయను. రాత్రి గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అయ్యేవాళ్లు మాత్రం ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి, బీపీ లొంగకపోవడానికి అది కూడా ఒక కారణం.

డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు

ఒంగోలు వెళ్లినా, నెల్లూరు వెళ్లినా సంచిలో ఇవి ఉండాలి. ఏడు రోజుల నోట్‌బుక్, వాడుతున్న బిళ్లల అట్టలన్నీ, పాత క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ (ప్రోటీన్) రిపోర్టులు తేదీల వరసలో. అట్టలు చింపి బిళ్లలు ఒక డబ్బాలో కలిపి తీసుకెళ్తే ఏది ఏదో ఎవరికీ తెలియదు. లోపలికి వెళ్లాక మూడు ప్రశ్నలు అడగండి. నా బీపీ ఎంత ఉండాలి? ఈసారి ఏ బిళ్ల మారింది, ఎందుకు? మళ్లీ రక్త పరీక్ష ఏ తేదీన? జవాబులు అక్కడే నోట్‌బుక్‌లో రాసుకోండి, బయటికొచ్చాక గుర్తుండవు.

ఆ రోజు పొద్దున బిళ్ల మానేసి వెళ్లకండి. రక్తం పరగడుపున ఇవ్వాలన్నా, వద్దని డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప బీపీ బిళ్ల గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. మొదటి బస్సుకు బయల్దేరే హడావుడిలో మా నాయన రెండుసార్లు వదిలేశాడు. అక్కడ బీపీ ఎక్కువ చూపించింది, ఆ అంకె చూసి డాక్టర్ మోతాదు పెంచబోయారు. ఇప్పుడు అమ్మ ముందురోజు రాత్రే ఆ ఒక్క బిళ్లను కాగితంలో చుట్టి, నోట్‌బుక్‌లో ఎర్ర అంకె ఉన్న పేజీ మధ్య పెడుతోంది.